రసీదు ట్రంకు పెట్టెలోనే ఉంది, ఇల్లు మాత్రం ఎవరికో వచ్చింది

ప్రశ్న: మేము బోరబండలో ఉంటాం. రేకుల కప్పు కింద ఒకటే గది, నెలకు ఆరు వేలు అద్దె. నేను నాలుగిళ్లలో పని చేస్తాను. మా ఆయన రంగులు వేసే పనికి వెళతారు. ఇద్దరు ఆడపిల్లలు, మంచం పట్టిన అత్తగారు. ప్రభుత్వం పేదలకిచ్చే డబుల్ బెడ్‌రూం ఇంటి కోసం చాలా ఏళ్ల కిందటే మీసేవలో దరఖాస్తు పెట్టాం. ఆ రసీదు ఇప్పటికీ ట్రంకు పెట్టెలో దాచుకున్నాను. 2023లో లాటరీ తీస్తే మా పేరు రాలేదు. మా తర్వాత పెట్టిన మా వీధి ఆవిడకు వచ్చింది. మూసీ ఒడ్డున ఉండే మా ఆడపడుచు అసలు దరఖాస్తే పెట్టలేదు, ఆమెకూ ఇచ్చారు. ప్రజాపాలనలో మళ్లీ కాగితం ఇచ్చాం. సర్వేకు వచ్చిన అబ్బాయి ఊళ్లో ఇల్లుందా అని అడిగితే మా ఆయన ఉందన్నారు. అది పోయిన మా మామగారి పేరున ఉన్న పాత పెంకుటిల్లు. మా ఆయనతో కలిపి ముగ్గురు అన్నదమ్ములు, ఒక ఆడపడుచు. ఇప్పుడు మమ్మల్ని ఎల్-3 అనే జాబితాలో వేశారంటున్నారు. ఈలోగా తెలిసినతను ఒకడు, ఊరవతల కాలనీలో ఒకావిడ తనకొచ్చిన ఇల్లు అమ్ముతోందని, ఆరు లక్షలిస్తే నోటరీ రాయిస్తానని చెప్పాడు. ఇరవై వేలు బయానా ఇచ్చేశాం. తీసుకోవచ్చా? అసలు ఈ ఇళ్లు ఎవరికిస్తారు, మాకెందుకివ్వరు?

— పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, ముందు ఆ ఇంటి బేరం ఉన్నచోటే ఆపండి. మిగతా సొమ్ము కోసం చీటీ పాడటం, పుస్తెలు కుదువ పెట్టడం లాంటివి చేయకండి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలి. అది తెలియకపోతే ఈ ఒక్క బేరం మానుకున్నా, రేపు ఇంకొకడు ఇంకో కాలనీ పేరు చెప్పి వస్తాడు.

'మా తర్వాత పెట్టినవారికి ఎలా వచ్చింది' అని రాశారు. మీ ఉత్తరంలోని ఉక్రోషమంతా ఆ వాక్యంలోనే ఉంది, న్యాయమైన ఉక్రోషమే. కానీ ముందు వచ్చినవారికి ముందు అనే నియమం ఈ పథకంలో మొదటి నుంచీ లేదు. 2015 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో అర్హత గురించి ఉంది, వాటాల గురించి ఉంది. ఎదురుచూసిన ఏళ్లకు మాత్రం ఒక్క మార్కు కూడా లేదు. మీ రసీదు వల్ల మీరు దరఖాస్తు పెట్టారని రుజువవుతుంది, అంతే. అది మీకు వరుసలో స్థానం ఇవ్వదు. ఈ సంగతి దరఖాస్తు తీసుకున్న రోజునే చెప్పి ఉండాల్సింది. ఎవరూ చెప్పలేదు, లక్షల మంది దాన్ని టోకెన్ అనుకుని దాచుకున్నారు.

నిజానికి ఈ ఇళ్లకు దారి ఒక్కటి కాదు. మీ ఆడపడుచు ఒక దారిన లోపలికి వెళ్లింది, మీ వీధి ఆవిడ ఇంకో దారిన. మీరు నిలబడిన దారిలో జనం మరీ ఎక్కువ.

ఆడపడుచు సంగతి తీసుకుందాం. ఉన్న గుడిసె తీసేయించి దానికి బదులు ఇల్లివ్వడం మొదటి దారి. సికింద్రాబాద్‌లోని ఐడీహెచ్ కాలనీ ఈ పథకానికి మొదటి నమూనా. అక్కడి పాత ఇళ్లు కూల్చి 396 ఇళ్లు కట్టి, 2015 నవంబరులో అక్కడివారికే ఇచ్చారు. బస్తీని ఖాళీ చేయించి అదే జాగాలో కట్టినచోట బయటివారికి ఇల్లివ్వడం కుదరదు. ఇస్తే బస్తీవాళ్లు ఎందుకు కదులుతారు? మూసీ ఒడ్డున జరిగిందీ ఇలాంటిదే. 2024లో నదీగర్భంలోని ఇళ్లకు గుర్తులు వేసి, ఖాళీ చేయడానికి ఒప్పుకున్నవారికి లాటరీ లేకుండా నేరుగా డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు. మీ ఆడపడుచు పొందింది కానుక కాదమ్మా. ఉన్న నీడ వదులుకున్నందుకు ఇచ్చిన బదులు. ఆమె మీద మనసు విరుచుకోకండి. ఏళ్ల తరబడి ఉన్న బస్తీని, ఇరుగుపొరుగును, దగ్గరలోని పనిని వదిలి వెళ్లడం ఎలా ఉంటుందో ఆమెనే అడగండి.

అయితే ఇందులో ప్రభుత్వాన్ని తప్పుపట్టాల్సిన విషయం ఒకటుంది. ఎదురుచూస్తున్న పేదల కోసమని కట్టిన ఇళ్లనే ఖాళీ చేయించినవారికీ సర్దితే, ఎదురుచూసేవారి సంఖ్య అలాగే ఉండి ఇళ్లు మాత్రం తగ్గుతాయి. నిర్వాసితులకు విడిగా కట్టి ఇవ్వాలి. ఒకే గంపలోంచి అందరికీ పంచుతూ పోతే మీలాంటివారు ఎప్పటికీ గంప అడుగునే ఉంటారు.

ఇక మీ వీధి ఆవిడ. ఆమెది లాటరీ దారి, మీదీ అదే. హైదరాబాద్‌లో లక్ష ఇళ్లు కట్టాలని అప్పట్లో లక్ష్యం పెట్టుకున్నారు. దరఖాస్తులు ఏడు లక్షల చుట్టుపక్కల వచ్చాయి. రేషన్ కార్డు ఉండాలి, సొంత ఇల్లు ఉండకూడదు, గుడిసెలోనో అద్దె ఇంట్లోనో ఉంటూ ఉండాలి. ఇది ప్రాథమిక అర్హత. ఆ తర్వాత వాటాలు. పట్టణాల్లో ఎస్సీలకు 17 శాతం, ఎస్టీలకు 6, మైనారిటీలకు 12, మిగిలిన 65 శాతం 'ఇతరులు'. వెనుకబడిన కులాలవారు, అగ్రకులాల పేదలు అందరూ ఆ ఇతరుల్లోనే. బీసీలకు విడిగా వాటా లేదు. మీ కులం ఏమిటో మీరు రాయలేదు, నేనూ అడగను. మీ వీధి ఆవిడ వేరే వాటాలోంచి వచ్చి ఉంటే మీ ఇద్దరి చీట్లూ అసలు ఒక డబ్బాలోనే లేవన్నమాట.

దీనికి మించిన చిక్కు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2023 ఆగస్టులో మొదటి విడత లాటరీ తీసినప్పుడు నగరంలోని 24 శాసనసభ నియోజకవర్గాలకు తలా 500 ఇళ్ల చొప్పున లెక్క కట్టారు. చూడటానికి సమానంగానే ఉంది. కానీ దరఖాస్తులు అన్ని నియోజకవర్గాల్లోనూ ఒకేలా ఉంటాయా? బస్తీలు తక్కువగా ఉన్నచోటా 500, బస్తీలు కిక్కిరిసినచోటా 500. పేదలు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో పేదగా ఉండటం వల్లే మీ అవకాశం తగ్గింది. ఎమ్మెల్యేలు మా వాటా తక్కువైందని గొడవ పడకుండా చేసిన పంపకంలా ఉంది ఇది. మీ గది ఎంత ఇరుకు, అత్తగారు ఎన్నాళ్లుగా మంచంలో ఉన్నారు అనేవి ఆ లెక్కలోకి రాలేదు.

నగరం లోపల ఖాళీ జాగా లేదు కనుక పెద్ద కాలనీలన్నీ శివార్లలో, చాలావరకు పక్క జిల్లాల్లో లేచాయి. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు కట్టారు. ఊరు కాని ఊళ్లో అంత కాలనీ కడితే అక్కడి పేదలు ఊరుకోరు. అందుకని అలా కట్టినచోట స్థానికులకూ కొంత వాటా తీశారు. అది కూడా మీ వాటాలోంచి పోయేదే, అయినా దాన్ని తప్పని అనలేం.

మీ పేరు అసలు లాటరీ దాకా వెళ్లిందా లేదా అన్నదీ తేల్చుకోవాలి. చాలామంది ఇది అడగరు. లాటరీకి ముందు ఇంటింటి విచారణ జరిగింది, అందులో అర్హులుగా తేలినవారి పేర్లే కంప్యూటర్‌లోకి వెళ్లాయి. దరఖాస్తు పెట్టిననాడు మీరు ఉన్న గదీ, ఇప్పుడున్న గదీ ఒకటేనా? ఫోను నంబరు మారిందా? అద్దె ఇళ్లవాళ్లకు చిరునామా నిలకడగా ఉండదు. విచారణకు వచ్చినవారు పాత చిరునామాకు వెళ్లి, తలుపు తట్టి, 'ఇక్కడ లేరు' అని రాసుకుని పోతే కథ అక్కడితో సరి. ఇల్లు లేనివారికి ఇల్లిచ్చే పథకంలో ఇల్లు మారినందుకే పేరు పోవడం, ఏం చెప్పమంటారు!

లాటరీని నేను పూర్తిగా తప్పుపట్టను. అది లేకపోతే జాబితా ఎవరి జేబులోంచి వస్తుందో మనకు తెలుసు. నాయకుడి వెంట తిరిగేవారు, జెండా మోసేవారు, డబ్బు ముట్టజెప్పినవారు ముందుంటారు. కనీసం కంప్యూటర్‌కు బంధువులు లేరు. కానీ లాటరీ అర్హులందరినీ ఒకే గాటన కట్టేస్తుంది. భార్యాభర్తలిద్దరే రెండు గదుల్లో అద్దెకుంటున్న ఇల్లూ, అయిదుగురు ఒక్క రేకుల గదిలో ఉంటున్న మీ ఇల్లూ దానికి ఒకటే. ఇంగ్లండ్‌లో 1996 నాటి గృహవసతి చట్టం ప్రకారం కౌన్సిల్ ఇళ్లు (స్థానిక సంస్థలు అద్దెకిచ్చే ఇళ్లు) కేటాయించేటప్పుడు నిలువ నీడ లేనివారికీ, ఇరుకింట్లో కుక్కుకుని బతికేవారికీ, జబ్బువల్లో వైకల్యంవల్లో ఇల్లు మారాల్సినవారికీ తగిన ప్రాధాన్యం ఇచ్చి తీరాలి. అక్కడా ఇళ్లు చాలవు, ఏళ్ల తరబడి ఎదురుచూపులు తప్పవు. అయినా 'నాకంటే ముందు ఆమెకు ఎందుకిచ్చారు' అని అడిగితే చెప్పడానికి ఒక కారణమంటూ ఉంటుంది. మన లాటరీలో ఆ ప్రశ్నకు జవాబే లేదు. అదృష్టం అని సరిపెట్టుకోవాలి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పనికి వద్దాం. పాత రసీదు కన్నా మీకు ఇప్పుడు ముఖ్యం ఎల్-3 సంగతి. మీ ఇంటికి వచ్చింది ఇందిరమ్మ ఇళ్ల సర్వే, అందులో ప్రజాపాలన దరఖాస్తులను మూడుగా విడదీశారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివారు ఎల్-1, జాగా కూడా లేనివారు ఎల్-2, ఇల్లుందని తేలినవారు ఎల్-3. ఎల్-1 వారికి కట్టుకోవడానికి విడతలుగా 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు. మీకు జాగా లేదు కనుక అది మీకు వర్తించదు. మీరుండాల్సింది ఎల్-2లో. కట్టి సిద్ధంగా ఉన్న డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చేటప్పుడు చూసేదీ అలాంటివారినే. ఎల్-3లో ఉన్నంతకాలం ఏ లాటరీ తీసినా మీ పేరు అందులో ఉండదు.

మీ ఆయన అబద్ధం చెప్పలేదు, మంచి పనే చేశారు. కాకపోతే సగమే చెప్పారు. మామగారు వీలునామా రాయకుండా పోయారనీ, ఇల్లు ఆయన స్వార్జితమనీ అనుకుందాం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అత్తగారికి, ముగ్గురు కొడుకులకు, కూతురికి తలా ఒక సమాన వాటా. అంటే ఆ పెంకుటింట్లో మీ ఆయనది అయిదోవంతు, అదీ పంచుకోని అయిదోవంతు. దాన్ని 'మాకు సొంత ఇల్లుంది' అనడం ఎలా కుదురుతుంది? ఈ మాటే కాగితం మీద పెట్టండి.

ఊరికి వెళ్లినప్పుడు పంచాయతీ కార్యదర్శి దగ్గర ఆ ఇంటి పన్ను రసీదు నకలు తీసుకోండి. అందులో ఇంకా మామగారి పేరే ఉంటుంది. ఆయన మరణ ధ్రువపత్రం, ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరుంటున్నారో పెద్ద బావగారితో రాయించిన కాగితం, ఇక్కడి మీ గది అద్దెకు, కరెంటు బిల్లుకు సంబంధించిన ఆధారాలు జతచేయండి. 'మా పేరున ఎక్కడా ఇల్లు గానీ జాగా గానీ లేదు, మళ్లీ విచారించి ఎల్-2లోకి మార్చండి' అని అర్జీ రాసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వండి. రసీదు లేకుండా బయటికి రావద్దు. ఇందిరమ్మ ఇళ్ల వెబ్‌సైట్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు, ఆ పని మీ పెద్దమ్మాయి ఫోనులోనే చేసిపెడుతుంది. ఊళ్లో వాటా సంగతి మాత్రం దాచవద్దు. దాచి ఇల్లు సంపాదిస్తే, అది బయటపడిన రోజున పోయేది ఆ ఇల్లే.

రేషన్ కార్డు ఒకసారి తీసి చూడండి. ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డులో కుటుంబ పెద్దగా ఇంట్లోని పెద్ద వయసు స్త్రీని రాస్తారు. మీ కార్డులో అది అత్తగారేమో. ఇళ్ల పట్టా కూడా స్త్రీ పేరునే ఇస్తారు. కార్డులో ఒకరు, దరఖాస్తులో ఒకరు, ఆధార్‌లో ఇంటిపేరు పుట్టింటిది, ఇలా మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటే విచారణకు వచ్చినవారికి అదొక సాకు అవుతుంది. ఓటరు కార్డు కూడా ఇప్పుడు ఉంటున్న చిరునామాకు మార్పించుకోండి. పాత దరఖాస్తుకు ఏం జరిగిందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం కింద రసీదు నంబరు వేసి అడగండి. విచారణ ఎప్పుడు జరిగింది, అర్హులుగా రాశారా లేదా, లేకపోతే కారణమేమిటి, ఈ మూడు ప్రశ్నలు చాలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కర్లేదు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. లబ్ధిదారులను ఎంపిక చేసే ఇందిరమ్మ కమిటీలో ఫలానావారు తెలుసని, పేరు పైకి జరిపిస్తానని వచ్చేవారికి టీ నీళ్లు కూడా పోయకండి.

ఇంకో సంగతి. ఇల్లొస్తే వెళతారా? మీ పని నాలుగిళ్లూ ఎక్కడున్నాయో రాయలేదు గానీ, పొద్దున్నే ఆరింటికి గిన్నెల ముందు ఉండాల్సిన పని మీది. శివారు కాలనీ నుంచి రోజూ వచ్చిపోవాలంటే మొదటి బస్సు ఎప్పుడు, రెండు బస్సులు మారాలా, నెలకు ఎంతవుతుంది, పిల్లల బడి ఏమిటి? రెండు పడక గదులు, హాలు, వంటగది, 560 చదరపు అడుగులు, అద్దె లేదు. మాటల్లో బంగారంలా ఉంది. కానీ పని పోతే అక్కడ బియ్యం ఎలా వస్తాయి? చాలా కాలనీల్లో ఇళ్లకు తాళాలు వేసి ఉండటానికి, కొందరు అద్దెకిచ్చుకోవడానికి, ఇంకొందరు మీకు అమ్మజూపుతున్నట్టే అమ్మజూపడానికి ఇదీ ఒక కారణం. ఆ అమ్మే ఆవిడను దొంగ అనుకోకండి. నగరంలో బతుకున్న మనిషికి ఊరవతల ఇల్లిచ్చిన పథకానిది సగం తప్పు. అలాగని ఆమె చేస్తున్నది సరైన పని కూడా కాదు. వద్దనుకుంటే ఆ ఇల్లు తిరిగి ప్రభుత్వానికి పోవాలి, అక్కడి నుంచి మీలాంటి ఇంకొకరికి రావాలి. ఆ ఇల్లు ఆరు లక్షలకు అమ్ముడుపోయిందంటే ఎల్-2లో ఒకరి వంతు తగ్గిపోయిందనే.

మీరు కొనబోయేది ఇల్లు కాదు, నోటరీ కాగితం. ఈ ఇళ్లను అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్నది కేటాయింపులోనే ఉన్న షరతు. ఆస్తి బదిలీ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్ట్రేషన్ లేకుండా చెల్లదు. అమ్మే హక్కే లేని ఇంటికి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్ట్రేషన్ జరగదు, కనుకనే మీవాడు నోటరీ అంటున్నాడు. నోటరీ చేసేది సంతకం ఫలానావారిదేనని ముద్ర వేయడం, ఆస్తిని ఒకరి నుంచి ఒకరికి మార్చడం కాదు. రేపు అధికారులు తనిఖీకి వచ్చి లబ్ధిదారు ఎవరని అడిగితే మీరేం చెబుతారు? కేటాయింపు రద్దయితే ఆమె పేరు పోతుంది, మీ ఆరు లక్షలు పోతాయి. ఆవిడ మనసు మార్చుకుని 'ఇల్లు నాది, ఖాళీ చేయండి' అన్నా కాగితాల ప్రకారం ఆమె మాటే చెల్లుతుంది. ఆమె తదనంతరం కొడుకులు వచ్చి అడిగినా అంతే. ఇవన్నీ జరగకపోయినా, ఆ ఇంట్లో కాపురం పెట్టిన రోజు నుంచి ఇల్లు లేనివారమని ఎల్-2 కోసం చెప్పుకునే మాటకు విలువ ఉండదు. ఆరు లక్షలు పోసి మీ అర్హతను మీరే పోగొట్టుకున్నట్టు.

బయానా ఇరవై వేలు ఫోను ద్వారా పంపి ఉంటే ఆ వివరం తీసి భద్రపరచండి. చేతికిచ్చి ఉంటే ఎప్పుడు, ఎవరి ఎదుట ఇచ్చారో రాసిపెట్టుకోండి. 'బేరం వద్దు, మా డబ్బు మాకు తిరిగివ్వండి' అని అతనికి ఫోనులో రాతపూర్వకంగా సందేశం పంపండి. నోటిమాటతో సరిపెట్టవద్దు. అమ్మే ఆవిడకు ఇచ్చేశానంటే ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించమనండి. చాలాసార్లు ఆ ఆవిడకు ఈ బేరం సంగతే తెలియదు. గడువు చెప్పి, దాటితే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తామనండి, దాటితే ఇవ్వండి. మొత్తం సొమ్ము తిరిగొస్తుందని నేను మాట ఇవ్వలేను. ఇరవై వేలు చిన్న మొత్తం కాదని తెలుసు, దాన్ని రాబట్టుకోవడానికని ఇంకో రూపాయి మాత్రం పెట్టకండి. మీ ఆధార్ నకళ్లు, ఫొటోలు, సంతకం చేసిన తెల్ల కాగితాలు లాంటివి అతని దగ్గర ఉంటే డబ్బు కన్నా ముందు అవి వెనక్కి తీసుకోండి.